రంజకం గిన్నెలో పత్తి

మనవరాలు పెరట్లో రెండు పలుగురాళ్లు పట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా రాస్తోంది. మాడినట్టుండే ఆ రాతివాసన కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే చేతిలోని పేపరు ఒళ్లోకి జారిపోయింది. ఎదురుగా గోడ లేదు, కరీంనగర్‌లో మేమున్న పెంకుటింటి వరండా ఉంది. అక్కడ పాత చీర పరుచుకుని సుమతీబాయి టీచర్ కూర్చున్నారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా బడిలో చరిత్ర చెప్పేవారామె, ఇంట్లో నా పక్క గదిలోనే ఉండేవారు. సొంతూరు నిర్మల్. ఆమె తండ్రి ఒక జాగీర్దారు ఆయుధాల గదిని చూసుకునేవారట. మేమంతా లక్కపిడతలతో ఆడుకున్న వయసులో ఆమె పాత తుపాకుల మరలతో ఆడుకున్నారు. అందుకే కాబోలు, పిల్లల అల్లరికి విసుక్కునే మనిషి తుప్పు పట్టిన ఇనుమును మాత్రం ఎంతో ఓపికగా చూసేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో తహసీల్దారు ఆఫీసు నుంచి ఆమెకు ఒక మూట వచ్చింది. అందులో ఉన్నది చెకుముకి తుపాకి మర, అంటే నొక్కితే రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాల్చే భాగం. చొప్పదండిలో లచ్చవ్వ అనే సాలె ముసలమ్మ ఇంట్లో దొరికింది. తుపాకి ఆమె మామ కాలంలోనే పోయింది, మర మాత్రం మిగిలింది. దానితో ఆమె రోజూ దీపం ముట్టించుకునేది. గిట్టనివాళ్లెవరో ఆ ఇంట్లో లైసెన్సు లేని తుపాకి ఉందని పోలీసులకు చెప్పారు. మందమర్రి బొగ్గుగనిలో పనిచేసే కొడుకు మల్లేశం సెలవు మీద వచ్చి ఉంటే అతన్ని పట్టుకుపోయారు. నేరం రుజువైతే జైలు, ఆ వెంటనే ఉద్యోగమూ పోతుంది. ఆ వస్తువేమిటో, ఎప్పటిదో తేల్చి చెప్పమని టీచర్‌ను అడిగారు.

పెంకుల సందుల్లోంచి ఎండ నాణేలు నాణేలుగా చీర మీద పడుతోంది. ఆమె నూనెగుడ్డతో తుడుస్తుంటే ఇనుము మెల్లగా నిద్ర లేస్తున్నట్టనిపించింది. రాయిని కరిచి పట్టుకునే భాగాన్ని గుర్రం అంటారు. దాని మెడ హంసమెడలా సన్నగా వంగి ఉంటే ఇంకా పాతదట. దీనికి మెడ మధ్యలో బొక్క వదిలి దిట్టంగా చేశారు. రంజకం, అంటే రవ్వ తగలగానే ముందుగా అంటుకునే తుపాకి మందు, పోసే గిన్నె ఇనుముది కాదు, ఇత్తడిది. రెండూ కలిశాయి కనుక ఫ్రెంచివాళ్ల పని, నూటయాభై ఏళ్లు దాటింది అన్నారు. నా మనసు ఎక్కడికో వెళ్లిపోయింది. ఏ సముద్రాలో దాటి వచ్చిన ఈ మర, మగ్గం పక్కన గూట్లో దీపం దగ్గర ఎలా స్థిరపడిందో!

అప్పుడే లచ్చవ్వ వచ్చింది. గడపలోనే కూలబడి, మరలోని కమాను, అంటే స్ప్రింగు, వైపు చూపించి చేతులు జోడించింది.

"గా కమాను ఇరగ్గొట్టు పంతులమ్మా. పనికిరాని ఇనుమని చెప్పు. నా కొడుకును ఇడిపియ్యి."

టీచర్ తల అడ్డంగా ఊపారు. నాకు మాత్రం ఆ ముసలమ్మ చెప్పినట్టు చేస్తే ఏం పోయిందనిపించింది.

"ఇరగ్గొడితే ఇరిగిన చోటు కొత్తగ కనబడ్తది అవ్వా. ఆ తర్వాత నా మాట ఎవలు నమ్ముతరు?" అన్నారు టీచర్.

మర్నాడు టీచర్ లచ్చవ్వనూ నన్నూ ఆఫీసుకు తీసుకెళ్లారు. తహసీల్దారు మొదట అడిగింది, ఇది ఇప్పుడు పేలుతుందా అనే.

"గొట్టం కట్టి మందు పోస్తే గిప్పుడు సుత పేలుతది సార్," అన్నారు టీచర్.

లచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. టీచర్ అదే గొంతుతో మిగతాది చెప్పారు. మందు తగిలిన ఇనుము గుంటలు పడుతుంది. ఇక్కడి గుంటలు ఎప్పటివో, అంచులు అరిగి నున్నబడ్డాయి. కొత్తవి ఒక్కటీ లేవు. గిన్నెలో ఉన్నది పత్తి మసి. రాయి కొట్టుకునే ఉక్కురేకు అరిగిపోతే మన కమ్మరి కొత్త ఉక్కు అతికాడు, అదీ అరిగింది. ఏ తుపాకీ ఇంత అరగదు, పొద్దుకోసారి దీపం ముట్టిస్తేనే అరుగుతుంది. తర్వాత లచ్చవ్వను పిలిచారు. ముసలమ్మ గిన్నెలో కాల్చిన పత్తి పెట్టి మర నొక్కింది. నిప్పురవ్వ పడి పత్తి ఎర్రగా రాజుకుంది. గదిలో అందరూ దానివైపే చూస్తూ ఉండిపోయారు.

మల్లేశాన్ని ఆ పూటే వదిలేశారు. తల్లీకొడుకులు బస్సెక్కాక తహసీల్దారు సంతకం పెడుతూ, పేలే వస్తువని మీరే అన్నారు కనుక మరను తిరిగి ఇవ్వలేమన్నారు. ఆ కబురు బంట్రోతుతో పంపిస్తానన్నారు. టీచర్ వద్దన్నారు. తెల్లారి నన్ను వెంటబెట్టుకుని చొప్పదండి బస్సెక్కారు.

మర తిరిగొస్తుందని లచ్చవ్వ అప్పటికే కొబ్బరిచిప్పలో పత్తి కాల్చి సిద్ధంగా పెట్టుకుంది. అది చూసి టీచర్ ఆమె ముందు నేల మీదే కూర్చున్నారు.

"అవ్వా, నీ మర ఇంక రాదు. పేలుతదని చెప్పింది నేనే. అందుకే ఆఫీసుల ఉంచుకున్నరు."

ముసలమ్మ చిప్పను పక్కకు జరిపింది. కళ్లు తుడుచుకుంది. "గీ మాట చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా బిడ్డా," అని లేచి, పక్కింటికి వెళ్లి పెంకులో నిప్పు అడిగి తెచ్చి, మాకు చాయ్ కాచింది. టీచర్ గ్లాసు పట్టుకుని ఏడ్చారు. ఆమె ఏడవగా చూసింది నేను ఆ ఒక్కసారే.

సుమతీబాయి టీచర్ పోయి చాలా కాలమైంది. పాత వస్తువుల వయసు కట్టడం నాకు పట్టుబడలేదు. కానీ నా మాట వల్ల ఎవరి ఇంట్లోనైనా ఏదైనా పోయిందంటే, ఈ మోకాళ్ల నొప్పులతో కూడా నేను కబురు పంపను. చెప్పులు వేసుకుని వాళ్ల గడప దాకా నేనే వెళ్తాను.