అంకుల్ సీసం పొయ్యి

ఈ శనివారం ఆస్ట్రేలియాలోని మా రౌస్ హిల్ వీధిలో కౌన్సిల్ వాళ్లు పాత సామాను ఎత్తుకెళ్లే రోజు. సోఫాలూ, చక్రం ఊడిన సైకిళ్లూ ఇంటి ముందు గడ్డి మీద పెడితే లారీ వచ్చి పట్టుకుపోతుంది. లారీ వచ్చేలోపు ఇరుగుపొరుగు ఒకరి చెత్తని ఒకరు మర్యాదగా పరిశీలించుకుంటారు. నేనూ మా అమ్మాయీ నడకకని బయల్దేరి, నాలుగిళ్ల అవతల ఒక విరిగిన ఇస్త్రీ బల్ల దగ్గర ఆగిపోయాం. దాని పక్కన మూరెడు ఎత్తు ఇనప డబ్బా ఒకటి ఉంది. పైన మూత లేదు. పక్కన మీట, అడుగున చిన్న ముక్కు. "ఈజ్ దట్ ఎ కాఫీ మెషీన్, నాన్నా?" అంది మా అమ్మాయి. కాదు, సీసం కరిగించే పొయ్యి అన్నాను. దేనికని అడిగింది. తుపాకీ గుండ్లు పోసుకోవడానికి అని చెప్పాక, నీకెలా తెలుసన్నట్టు నా ముఖంలోకి చూసింది. ముందుకు నడిచాను. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను. మూడోసారి మా అమ్మాయి నాతో రాలేదు, ఆ పొయ్యి పక్కనే గట్టు మీద కూర్చుంది.

చదువుకునే రోజుల్లో నేను క్లేటన్‌లో ఒక అంకుల్ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. బాపట్ల వైపు మనిషి. నేను పుట్టకముందే ఆస్ట్రేలియా వచ్చి, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో అచ్చులు చేసే పనిలో రిటైరయ్యాడు. ఆదివారం చర్చిలో ముందు వరస, శనివారం రైఫిల్ క్లబ్బులో చివరి వరస. రెండిటికీ ఒకటే కోటు. ఆయనకు లైసెన్సు ఉన్న పాత తుపాకీ ఒకటి ఉండేది. దానికి సరిపోయే సీసపు గుండ్లు బజార్లో దొరకడం అరుదు కాబట్టి తనే పోసుకునేవాడు. టైర్ల షాపుల్లో చక్రాలకు బ్యాలెన్సు కోసం తగిలించే సీసం ముక్కలు ఏరుకొచ్చి, వెనక షెడ్డులో గ్యాస్ స్టవ్వు మీద కరిగించి, గరిటెతో అచ్చుల్లోకి వంచేవాడు. నేనొకసారి పుస్తకంలో సీసం అనే అర్థంలో ఉన్న 'లెడ్'ని 'లీడ్' అని చదివితే, "ఏరా అబ్బాయ్, ఎవర్ని లీడ్ చేస్తావ్, ముందు ఆ కిటికీ తియ్యి" అన్నాడు. పొగ పీల్చకూడదని కిటికీలన్నీ తీసి, చలికాలంలో కూడా నన్ను వణికించేవాడు.

నాకప్పుడు ఒకచోట కాలు నిలిచేది కాదు. యూనివర్సిటీకి వెళ్తే ఇంటికి రావాలని ఉండేది, ఇంటికొస్తే పనికి, పనిలో ఉంటే లైబ్రరీకి. ఏ పుస్తకమూ చివరిదాకా చదివేవాణ్ణి కాదు, కానీ చేతిలో పుస్తకం మాత్రం ఉండేది. దాన్ని చూసి అంకుల్ నన్ను చదివినవాడి కింద జమకట్టాడు. ఆ పొరపాటు మీదనే తర్వాత జరిగిందంతా నిలబడింది.

ఆయన సీసం కరిగించే గిన్నె ఆంటీది. బూరెలు వండే ఇనప మూకుడు. ఆంటీ పోయాక వంటింట్లో దాన్ని ముట్టుకునేవాళ్లు లేక షెడ్డులోకి చేరింది. అంకుల్ కూతురు, నేను అక్క అని పిలిచే ఆవిడ, ఆ సంగతి చూసిన రోజున వాకిట్లోనే నిలబడిపోయింది. తను ఆస్ట్రేలియాలోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. "దట్స్ మమ్స్ మూకుడు, డాడ్," అంది. అంకుల్ గరిటె కింద పెట్టి, "ఒకసారి సీసం పోశాక అందులో ఇంక బూరెలు వండకూడదమ్మా, తీసుకెళ్లినా లాభం లేదు," అన్నాడు. అది నిజం. అలాంటి నిజం అప్పుడు చెప్పాల్సింది కాదు.

తర్వాత కొన్నాళ్లకి కరిగిన సీసంలో ఎక్కణ్ణుంచో ఒక నీటి చుక్క పడింది. ఠప్పుమని పేలి, సీసం ఆయన చొక్కా చేతి మీద చుక్కలు చుక్కలుగా అంటుకుంది. పెద్ద దెబ్బ కాదు. కానీ అక్క షెడ్డుకు తాళం వేస్తానంది. అంకుల్ కొత్త పొయ్యి కొనుక్కుంటానన్నాడు. కరెంటు మీద నడిచేది, వేడి ఎంత కావాలో అంత పెట్టుకునేది, గట్టిగా బల్లకు బిగించుకునేది. ఎలాంటిది తీసుకోవాలో చూసి చెప్పే పని నాకు అప్పగించాడు. అదే వారం అక్క నన్ను గేటు దగ్గర ఆపి, "నువ్వు చెప్తే హి లిజన్స్. వద్దని చెప్పు, ప్లీజ్," అంది. ఇద్దరికీ నేను ఒకటే మాట చెప్పాను. చూద్దాం.

మన ఇళ్లల్లో ఆ మాట వాడుక అందరికీ తెలిసిందే. పెళ్లిసంబంధం నచ్చకపోతే చూద్దాం. చందా ఇవ్వదలుచుకోకపోతే చూద్దాం. వద్దు అనడానికి మొహమాటపడేవాళ్లందరికీ అది చాప లాంటిది, ఎన్ని సంగతులైనా దాని కింద తోసెయ్యొచ్చు. అక్కకి ఆ సంగతి తెలియదు. చూద్దాం అంటే చూస్తాను అనే అనుకునేది. వారం తిరిగేసరికి ఫోన్ చేసి, "సో, చూశావా?" అని అడిగేది. నేను గదిలో అటూ ఇటూ నడుస్తూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

నిజానికి చూడటం మాత్రం చాలా చూశాను. ఆ పొయ్యిలు రెండు రకాలు. ఒకటి ఉత్త గిన్నె లాంటిది, గరిటెతో తీసి పోసుకోవాలి. రెండోదానికి అడుగున ముక్కు ఉంటుంది, మీట ఎత్తితే సీసం నేరుగా అచ్చులోకి దిగుతుంది. అంకుల్ మొదటిదే కావాలనేవాడు. "కిందనుంచి కారేదానికి జలుబు ఎక్కువరా. ముక్కు కారుతూనే ఉంటుంది. నలభై ఏళ్లు గరిటెతో పోసినవాణ్ణి, ఇప్పుడు కుళాయి తిప్పమంటావా?" ఆయన చెప్పేది సబబే, వాటికి కారే జబ్బు ఉందని నేనూ చదివాను. కానీ ఆయన టీ తెచ్చి ఇచ్చేటప్పుడు సాసర్లో కప్పు గలగలమనేది. ఆ చప్పుడు రోజూ కాస్త ముందునుంచి, వంటింట్లోంచే వినపడేది. కరిగిన సీసం ఉన్న గరిటె ఆ చేతిలో ఉండకూడదు. రెండో రకం తీసుకోండి అనడం అంటే మీ చెయ్యి వణుకుతోంది అనడమే. అది నా నోటితో అనలేక, కాగితాల మీద గళ్లు గీసి, ఏ పొయ్యిలో ఎంత సీసం పడుతుంది, ఎంతసేపట్లో కరుగుతుంది అని రాసి చూపించేవాణ్ణి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివి, "ఇంకోటేదో ఉందన్నావే?" అనేవాడు. అలా చలికాలం దాటింది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతున్నాం. కప్పు బల్ల మీద పెడుతుంటే టీ సగం సాసర్లోకి వచ్చింది. ఆయన సాసర్ వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. "కిందనుంచి పోసేదే తెప్పించరా," అన్నాడు. "గరిటె పట్టుకోవడం ఇంక నావల్ల కాదు. మీ అక్కకి నేనే చెప్తాను."

చెప్పాడు కూడా. ఏమన్నాడో నాకు తెలియదు. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసి, ఆయన షెడ్డులో ఉన్నంతసేపూ నేను పక్కన ఉండాలని మాట తీసుకుంది. క్లబ్బు వాళ్ల ఏడాది పోటీకి ఇంకా ఆరు వారాలుంది. ఆ ఒక్క పోటీకి సరిపడా గుండ్లు పోసుకుని, తర్వాత మానేస్తానన్నాడట.

ఆ రోజే అమెరికా నుంచి ఆర్డర్ పెట్టాను. కుర్చీలో కూర్చోకుండా, నిలబడే, పనికి ఆలస్యమవుతోందని బూట్లు వేసుకుంటూ పెట్టాను. మూడు వారాలకు పెట్టె వచ్చింది. అంకుల్ బల్లకు బిగించడానికి రంధ్రాలు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ప్లగ్గు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పొయ్యి అడుగున అంటించిన చీటీ చదివాడు. నూటపది వోల్టులు. మన గోడలో ఉన్నది రెండొందల నలభై. ఐదు నెలలు కాగితాలు నింపినవాణ్ణి ఆ ఒక్క ముక్క చదవలేదు. అంకుల్ నవ్వాడు. "పుస్తకాలు చదివేవాడి కంటికి చీటీలు ఆనవురా," అన్నాడు. నేను నవ్వలేదు. దాన్ని వెనక్కి పంపి, సరైనది రప్పించడానికి ఇంకో నెలన్నర పట్టింది, ఈలోపు పోటీ అయిపోయింది. ఆ నెలన్నరలో నాలుగో వారం ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది.

రెండో పెట్టె వచ్చిన రోజు మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాను. అక్క మంచం పక్కన కుర్చీలో ఉంది. నాకు కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "వచ్చింది అంకుల్. ఈసారి చీటీ చదివాను. మన కరెంటుదే. ఎప్పుడు వెలిగిద్దాం?" అన్నాను. ఆయన దుప్పటి మీద ఉన్న కుడిచెయ్యిని చాలాసేపు చూసుకున్నాడు. మాట మెల్లగా, కాస్త వంకరగా వచ్చింది. "చూద్దాం," అన్నాడు.

అక్క ముఖం వికసించింది. "సీ? హి వాంట్స్ టు," అంది నాతో. అంకులూ నేనూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆయన ఆ నెలలోనే పోయాడు. పొయ్యి పెట్టె విప్పకుండానే క్లబ్బు వాళ్లకు ఇచ్చేశాం. మూకుడు అక్క తీసుకెళ్లింది. అందులో వండకూడదని తెలిసే తీసుకెళ్లింది, ఇప్పటికీ తన వంటింటి గోడకు వేలాడుతూ ఉంటుంది. సమయానికి పొయ్యి వచ్చి ఉంటే ఆయన ఒక పూట గుండ్లు పోసుకునేవాడు, ఒక శనివారం ఆ కోటు వేసుకుని పోటీకి వెళ్లేవాడు. అంతకంటే ఎక్కువేం మారేది కాదు. అయినా ఆ ఒక్క శనివారం నా దగ్గర ఉండిపోయింది, తిరిగి ఇవ్వడానికి మనిషి లేడు.

నేను నాలుగోసారి నడిచి వచ్చేసరికి మా అమ్మాయి పొయ్యి మీట ఎత్తి దించుతోంది. వీధి అవతల లారీ చప్పుడు వినిపిస్తోంది. "కెన్ వి టేక్ ఇట్, నాన్నా?" అంది. "చూద్దాం," అన్నాను, అలవాటుగా. తను వెంటనే లేచి, తోటపని తోపుడుబండి తేవడానికి ఇంటివైపు పరుగెత్తింది. నేను లారీకీ పొయ్యికీ మధ్య నిలబడ్డాను, చాలా కాలానికి ఒకచోట కదలకుండా. చూద్దాం అంటే ఇప్పుడే చూద్దాం అని కూడా అర్థముందని, నాకు ఇన్నేళ్లు పట్టింది తెలియడానికి.