మిషనక్క ఆవాల డబ్బా

మిషనక్క పోయిందని మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దండేసిన ఫోటో, కింద 'గుండెపోటుతో' అని ఒక ముక్క. చదవగానే నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది. ఆమె గుండెకేం రోగం? రొమ్ము క్యాన్సర్‌తో పోయింది మనిషి. ఆ మాట బయటికొస్తే తన బిడ్డకు పెళ్ళి సంబంధాలు రావని ఆమె తోటికోడలి భయం. చచ్చినాక జబ్బు కూడా మార్చేసిన ఘనులు!

సత్తుపల్లిలో మా గోడా ఆమె గోడా ఒకటే. ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టింది గనుక ఊరందరికీ మిషనక్కే. ఖమ్మంలో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఇంటికొచ్చిన రోజే తోటికోడలు ఆమె గ్లాసుకూ కంచానికీ ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టింది. అంటుకుంటదంట! అంటురోగం కాదని డాక్టరు చెప్పి పంపినా సరే. ఇక పరామర్శకొచ్చిన మహాతల్లులు మొహం చూసి మాట్లాడితే ఒట్టు. చూపులన్నీ పైట మీదే. ఆపిల్ పళ్ళు చేతిలో పెట్టి, వాకిలి దాటకముందే "ఏం పాపం చేసిందో" అనేవాళ్ళు.

"మందులకు వాంతులైతే కక్కి పడుకుంటున్న. వీళ్ళ చూపులకేం మింగాలె?" అనేది నాతో.

నేనూ తక్కువదాన్నేం కాదు. మొదటి వారం ఆమె చాయ్ ఇస్తే ఉపవాసమన్నాను.

"నీ ఉపవాసం శనివారం కదనే? బుధవారానికెప్పుడు మారింది?" అని నవ్వింది. సిగ్గుతో చచ్చి, ఆ ఎర్రచుక్క గ్లాసే తీసుకుని తాగేశాను.

మొదట జాకెట్టు ఎడమవైపు దూది కూరి కుట్టుకుంది. తేలికైపోయి జాకెట్టు పైకి ఎగబాకేది. ఒకరోజు ఆవాలు చిన్న గుడ్డసంచిలో పోసి, అరచేతిలో ఎగరేసి బరువు చూసుకుంది. "దూది ఆగదే. ఆవాలైతే బుద్ధిగ కూసుంటయ్." ప్రతి ఆదివారం ఆ ఆవాలు మిషను సొరుగులో ఉన్న డబ్బాలోకి వంపి, సంచి ఉతికి ఆరేసేది.

దవాఖానాలో పరిచయమైన, ఆమెలాగే ఆపరేషనైన ఆడవాళ్ళు అలాంటి జాకెట్ల కోసం ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. దమ్మపేట నుంచి ఒకామె వచ్చి, "అక్కడ... ఛాతీ దగ్గర..." అని నసిగింది.

"రొమ్మనవమ్మా, నోరేం కాలదు. ఎడమా, కుడా?" జాకెట్టు చేతుల పొడుగు అడిగినట్టే అడిగింది మిషనక్క.

ఆర్నెల్లు గడప దాటని ఆ మనిషి, కొత్త జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకుంది. తర్వాత మాటిమాటికీ పైట లాక్కోకుండా బస్టాండుదాకా నడిచిపోయింది. ఆ రోజు మిషనక్క మొహం మీరు చూడాల్సింది!

రెండేళ్ళకు జబ్బు ఎముకల్లోకి తిరగబెట్టింది. మంచాన పడ్డాక నాకొక మాట చెప్పింది. "గడ్డ తగిలినా ఆ మాట నోట్లకెల్లి రాక ఎనిమిది నెలలు దాచిన. నేను పోతే, దేంతోని పోయిన్నో పదిమందిలో చెప్పు. ఇంకొకతి గిట్ల దాచొద్దు."

పెద్దకర్మ రోజు వంటవాళ్ళకు ఆవాలు చాల్లేదు. తోటికోడలు ఇల్లంతా వెతికి, మిషను సొరుగులోంచి ఆ డబ్బా తెచ్చి ఇచ్చింది. పప్పుచారు పోపు చిటపటలాడింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

బంతిలో అందరూ గుండెపోటు గురించే మాట్లాడుకుంటున్నారు. తోటికోడలు నా పక్కనే కూర్చుని పప్పుచారు జుర్రి, "కమ్మగున్నది కదా?" అంది.

"అవ్, కమ్మగనే ఉన్నది," అన్నాను బంతంతా వినేటట్టు. "ఆ ఆవాలు అక్క రొమ్మువి. క్యాన్సర్‌కు కోసేసిన రొమ్ము జాగాల పెట్టుకుని తిరిగిన ఆవాలు."

చేతులన్నీ విస్తళ్ళలో ఆగిపోయాయి. తోటికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచి ఉరికింది. బంతి చివర కూర్చున్న దమ్మపేట ఆమె మాత్రం విస్తరి ముందుకు జరిపి, వడ్డించేవాణ్ణి పిలిచింది.

"నాకింకో గరిటె పొయ్యి."