జాడీలో ముంచిన బొటనవేలు

"మింగు."

"మింగను."

"అక్కా, ఆ వేలు చూసుకో ఒకసారి. టమాటాలా వాచింది."

"వాస్తే వాచింది. నా వేలు, నా వాపు. మధ్యలో నీకేంట్రా నొప్పి?"

ఆస్ట్రేలియాలో జూలై అంటే చలికాలం. ఆ చలికి టనుండా ఊరంతా ముడుచుకుని ఉంటే, ఇల్మా వంటింట్లో మాత్రం తెల్లారేసరికే వేడి రాజుకుంది. బల్ల మీద మాత్రల డబ్బా. దానికి అటు అక్క, ఇటు తమ్ముడు.

ఇల్మాకు యాభై రెండు. ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించడంలో ఆమెది తిరుగులేని చెయ్యి. నాలుగు రోజుల కిందట ఆ కత్తెర ఆమె బొటనవేలిని కూడా కొమ్మే అనుకుంది. తమ్ముడు బెర్నో ఎనిమిదేళ్లు చిన్నవాడు, రొట్టెల వ్యాను తోలతాడు. జ్వరమంటే ఎరగడు, నోటికి తాళం ఎరగడు.

డాక్టరు యాంటీబయోటిక్ రాశాడు. ఇల్మా మింగనంటోంది. ఎందుకంటే ఇల్మా మలదాత.

నవ్వేవాళ్లు నవ్వండి. బెర్నో ఆరేళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. వారానికి మూడు పొద్దులు ఆమె గంటకు పైగా కారు తోలుకుంటూ అడిలైడ్‌లోని క్లినిక్‌కి వెళ్లి, అక్కడే పని కానిచ్చి, డబ్బా అప్పగించి వస్తుంది. అందులోని సూక్ష్మజీవుల్ని వడకట్టి, గడ్డకట్టించి, పేగు పుండుపడినవాళ్లకు ఎక్కిస్తారు. ఎవరిది పడితే వాళ్లది తీసుకోరు. వందమందిని పరీక్షిస్తే నెగ్గేది ముగ్గురో నలుగురో. బడిలో ఒక్క బహుమతీ ఎరగని ఇల్మా మొదటిసారే నెగ్గింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద, దోసకాయల ఊరగాయ పోటీలో గెలిచిన రిబ్బన్ల పక్కన అంటించింది. చాలామంది గోడకు తగిలించుకునే పట్టాలకన్నా అది ఎక్కువమందికి పనికొచ్చింది.

యాంటీబయోటిక్ మింగితే పేగులోని మంచి జీవులూ చస్తాయి, మూడు నెలలు దానం బంద్. ఇప్పుడేమో ఒక అమ్మాయి వైద్యం సగంలో ఉంది. పేరూ ఊరూ చెప్పరు. రెండు డోసులు పడ్డాక మళ్లీ సైకిల్ తొక్కుతోందని మాత్రం తెలుసు. ఇంకా నాలుగు పడాలి. ఆ సైకిల్ ఇల్మా కళ్లముందు నుంచి కదలడం లేదు.

బెర్నో ముక్కు ఎగబీల్చాడు. "నీ వేలు సోయికూర వాసనొస్తోందేంటి?"

ఇల్మా కిటికీ వైపు చూసింది. "రాత్రి జాడీలో ముంచాను."

"ఏ జాడీలో?"

"సోయికూర వేసి ఊరబెట్టిన దోసకాయల జాడీలో. వెనిగర్ పోసిన నీ చచ్చు దోసకాయలు కాదుగా నావి. ఉప్పునీళ్లలో బతికున్న మంచి జీవులు. చెడ్డవాటిని తరిమేస్తాయనుకున్నా."

"మరి రాత్రి నేను తిన్న దోసకాయ..."

"అది ముంచకముందు తీసిందే. అనుకుంటా."

బెర్నో ఫోను తీసి క్లినిక్‌లో నర్సు ఫోటినికి కలిపి బల్ల మీద పెట్టాడు. సంగతంతా విని ఫోటిని ముందు పడీపడీ నవ్వింది. తర్వాత గొంతు మార్చింది.

"అమ్మా ఇల్మా, పేగులోవాళ్లు పేగులో ఉంటేనే మంచివాళ్లు. గాయంలో దూరితే వాళ్లూ దొంగలే. మీ ఊళ్లో మంద కాసే కుక్క గొర్రెల్ని కరవదు కదా, ఎందుకని?"

"పిల్లప్పట్నుంచీ వాటి మధ్యే పెరిగింది."

"ఒంట్లో రోగాల్ని అడ్డుకునే కావలివాళ్లూ అంతే. పేగులో జీవుల మధ్య పెరిగి, మనవాళ్లెవరో నక్కలెవరో నేర్చుకుంటారు. ఆ అమ్మాయి పేగులో గొర్రెలు పలచబడ్డాయి. కుక్కకి మతి తప్పి ఇంటివాళ్లనే కరుస్తోంది."

"కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాడు బెర్నో. ఆరేళ్లలో ఈ విషయం మీద అతను వెటకారం లేకుండా మాట్లాడటం అదే మొదలు.

"అదే. ఇప్పుడా వేలి విషం రక్తంలోకి ఎక్కితే దానం మాట దేవుడెరుగు, మనిషే దక్కరు. మింగండి."

"మరి ఆ పిల్ల?"

"ఫ్రీజర్లో మీది ఒక్క డోసుంది. ఈలోగా పరీక్ష నెగ్గే కొత్తవాళ్లు దొరికితే సరే. లేకపోతే ఆగాల్సిందే." ఫోను పెట్టేసింది.

ఇల్మా తమ్ముణ్ని కిందినుంచి పైదాకా చూసింది. సంతలో ఎద్దును చూసినట్టు చూసింది. అదే తల్లి చేతి పులిసిన క్యాబేజీ తిని పెరిగినవాడు. మాత్రల మొహం చూసి ఎన్నేళ్లయిందో.

"ఎందుకలా చూస్తున్నావ్?" బెర్నో కుర్చీ వెనక్కి జరిపాడు. "వద్దక్కా. పబ్బులో నిన్ను పెంటల మహారాణి అని పిలిచింది నేనే. రేపు వాళ్లు నన్నేమంటారు?"

"యువరాజా అంటారు."

ఆమె ఒక మాత్ర తీసి నాలుక మీద పెట్టుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించింది.

"నీ మాట నేను విన్నా. ఇక నా మాట నువ్విను. రేపు ఏడింటికల్లా దాత పరీక్షకి ఆ క్లినిక్‌లో ఉండు. పొద్దున్నే ఇంట్లో మాత్రం కూర్చోకు నాయనా, అక్కడిదాకా ఆపుకో."