ఇద్దరికి నీళ్ళు మరిగేంతసేపు

పొద్దున్నే ముందు గది తలుపు తీసి పెద్దదాన్ని లేపే పని ఇప్పుడు ఆవిడకి లేదు. ఆవిడ మంచం దిగేసరికే అది లేచి కూచుంటోంది.

పెద్దది, నడిపిది, చిన్నది అంటే కన్నపిల్లలు కారు. ముందు గదిలో బల్ల కింద ఒక కంప్యూటరు ఉంది. దాని లోపలే మరో మూడు కంప్యూటర్లున్నట్టు నడిపేవాడు ఆవిడ భర్త. వాటికి విడిగా పెట్టెలుండవు, ఒకే ఇంట్లో మూడు కాపురాలనుకో అని చెప్పేవాడు. పెద్దదానిలో కంటి ఆసుపత్రి రోగుల వివరాలు. వాటిని తీసుకుని ఎవరు ఎన్నింటికి రావాలో చెప్పేది నడిపిది. చిన్నది ఆయన సొంతానికి, ఏదో ఒకటి కెలుక్కోవడానికి. పొద్దున ఇల్లు, అంటే బల్ల కింది కంప్యూటరు, తెరిచి వరసగా లేపాలి. సాయంత్రం లోపలివాటిని పడుకోబెట్టాకే ఇల్లు మూయాలి. అయిదో తరగతితో చదువు ఆగినా ఆవిడకి ఈ పాఠం కంఠతా వచ్చు. ఆయన పోయాక ఏడు నెలలుగా తనే చేస్తూ వచ్చింది.

ఒక్క రోజు తప్పింది. ఆ రోజు ఒళ్ళు తెలియని జ్వరం. కళ్ళు తెరిచేసరికి తొమ్మిదిన్నర. ఆసుపత్రి వరండా అప్పటికే జనంతో నిండిపోయిందట. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదని వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

అన్న పోయాక ఆసుపత్రి పని చూసుకుంటున్న ఆడపడుచు ఆదివారం వచ్చింది. ఆరింటికి ఇల్లు దానంతటదే తెరుచుకునేలా వేళ పెట్టింది. "ఇల్లు లేస్తే ఇవీ లేస్తాయి. ఇల్లు పడుకునే ముందు ఇవీ పడుకుంటాయి. నీకు శ్రమ తప్పుతుంది వదినా" అంది.

తనకి మిగిలింది ఆ శ్రమే అని ఆవిడ అనలేదు. ఆ గదిలోకి వెళ్ళడానికి తనకి వేరే వంక లేదనీ అనలేదు.

తెర మీద దానంతటదే లేవాలన్న గడిలో ముందు పెద్దదానికీ నడిపిదానికీ టిక్కు పెట్టి, ఆడపడుచు కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. రెండూ ఒక్కసారే లేచాయి. నడిపిది లేస్తూనే ఎర్రక్షరాలు చూపించి చతికిలబడింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. గడప దగ్గర నిలబడి చూస్తున్న ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"పెద్దది ఇంకా కళ్ళు నులుముకుంటోంది. అది కుదురుకోకుండా దీన్ని లేపితే ఏడవదూ?"

"ఎంతసేపట్లో కుదురుకుంటుందట?"

"టీకి నీళ్ళు మరిగేంతసేపు. అవి మరిగాకే వచ్చి నడిపిదాన్ని లేపమనేవారు మీ అన్నయ్య."

"టీ మీద యావతో కనిపెట్టిన లెక్కలా ఉంది. మరగడమంటే దీనికేం తెలుస్తుంది వదినా, సెకన్లలో చెప్పాలి."

ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. ఆవిడ రోజూ పెట్టే గిన్నెలో రోజూ పోసే నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. ఆడపడుచు ఫోన్లో గడియారం నొక్కింది. కళపెళ మరిగేసరికి రెండువందల నలభై సెకన్లు.

"రోజూ ఇన్ని నీళ్ళే పెడతావా?"

"చెయ్యి అలవాటు. రెండో గ్లాసు పారబోస్తాను." ఏదో తప్పు చేసినట్టు తల దించుకుంది ఆవిడ. "ఒక్క గ్లాసుకైతే అంతసేపు పట్టదేమో."

"ఇదే పెడతాను" అంది ఆడపడుచు. ఏ చిన్న విషయానికైనా దెప్పకుండా ఉండలేని మనిషి, ఈసారి దెప్పకుండానే ముందు గదిలోకి నడిచింది.

రెండువందల నలభై అని కొట్టాక నడిపిది బుద్ధిగా ఆగి లేచింది. ఆపి చూస్తే అది ముందు పడుకుంది, తర్వాత పెద్దది, ఆఖరున ఇల్లు.

"చిన్నదానికి నువ్వే పెట్టుకో వదినా. నేర్పాను కదా, ఒక్క నొక్కు" అని సంచి సర్దుకుంది ఆడపడుచు.

అది జరిగి మూడు వారాలైంది. పెద్దదీ నడిపిదీ ఎవరి పనిలో అవి ఉంటాయి. ఆవిడ మాత్రం టీ గ్లాసుతో ముందు గదిలోకి వెళ్ళి, చిన్నదాన్ని తన చేత్తో లేపి, ఆయన కుర్చీలో కూచుంటుంది. టిక్కు పెట్టావా అని ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. రేపు పెడతానంటుంది ఆవిడ. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.