ఓబులేసు మామ మళ్లీ నడవడం మొదలుపెట్టాడు

నిన్న పొద్దున ప్రొద్దుటూరులో, మా స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే అత్త ఫోన్ చేసింది.

"మీ మామ పలకల్యా పాపా."

అంతే. ఫోన్ పెట్టేసింది. మిగతాది ఊరికి వెళ్లాక తెలిసింది.

నడిచి వచ్చాడట. స్నానం చేసి, మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. అత్త చెంబుతో వచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. జమ్మలమడుగు ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

గుండె.

ఓబులేసు మామ. మా అమ్మకు తమ్ముడు. యాభై నాలుగేళ్లు.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

మామను జీపు ముందు సీట్లో, తెల్లచొక్కాలో మాత్రమే చూసినవాళ్లకు తెలియదు. వయసులో ఆయన చువ్వలా ఉండేవాడు. మాది గొర్రెలు మేపిన ఇల్లు. మంద వెంట రోజంతా నడిచేవాడు. తర్వాత ఊరి నాయకుడి వెనక చేరాడు. పార్టీ అన్నాడు. జీపెక్కాడు.

ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో మా పెద్ద మామను, అంటే ఈయన అన్నను, పొద్దున్నే చేనికి నడిచి వెళ్తుంటే చంపేశారు.

ఆ తర్వాత మామ ఒంటరిగా గడప దాటలేదు. వీధి చివర అంగడికి కూడా జీపే.

పదిహేనేళ్లు అలాగే.

ఇంటికి ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చినవాళ్లతో కలిసి తినేవాడు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం సంగటి, మాంసం. సాయంత్రం మిక్చర్. ఆకలేసి తిన్న తిండి కాదు అది. కూర్చుని కూర్చుని, భయంతో ఏదో ఒకటి నములుతూనే ఉండేవాడు.

రెండు వర్గాలూ రాజీపడి ఊరు చల్లబడేసరికి మామ నూట పద్దెనిమిది కిలోలు. షుగర్. మోకాళ్ల నొప్పులు. బరువు తగ్గకపోతే కష్టమని డాక్టర్ గట్టిగానే చెప్పాడు.

వేసవి సెలవుల్లో నేనే పట్టుబట్టి కాలవ కట్ట మీదికి తీసుకెళ్లాను. మొదటిరోజు కాసేపటికే ఆగిపోయాడు.

"పాపా, పది అడుగులకొకసారి ఎనక్కి చూస్తాండా. ఈ బయం తగ్గితేగానీ బరువు తగ్గేట్టు ల్యా."

ఆయన్ను ముందు నడవమని, నేను వెనక నడిచాను.

సెలవులైపోయాక కూడా ఆపలేదు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాడు. ప్రతి ఆదివారం వెయింగ్ మెషిన్ ఫోటో వాట్సాప్‌లో పంపేవాడు. తొమ్మిది నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గాడు.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి.

ఒకరోజు పులివెందుల, ఒకరోజు ప్రొద్దుటూరు. ప్రచారం, మీటింగులు, బిర్యానీ. మొదటిరోజు "ఈ ఒక్క పొద్దుకే" అన్నాడట. మరుసటి రోజూ అదే మాట. ఆదివారం ఫోటోలు ఆగిపోయాయి. ఫోన్ చేస్తే "నడుస్తాండా పాపా" అనేవాడు.

అబద్ధం.

ఒక సాయంత్రం స్కూల్ నుంచి వస్తుంటే ప్రొద్దుటూరులో ఒక టిఫిన్ సెంటర్ ముందు కనబడ్డాడు. చుట్టూ కార్యకర్తలు. చేతిలో వెన్న వేసిన కారం దోశ. నన్ను చూడగానే ఆ ప్లేటును పక్కవాడి చేతిలో పెట్టేశాడు.

అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"నిన్ను సంపేదానికి ఎవురూ రావాల్సిన పన్ల్యా మామా. నిన్ను నువ్వే సంపుకుంటాండావు."

పదిమంది విన్నారు.

అన్నను అలా పోగొట్టుకున్న మనిషితో నేను అన్న మాట అది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లి జీపులో కూర్చున్నాడు.

నెలన్నర మాటల్లేవు. సారీ చెప్పాలని ఎన్నిసార్లు ఫోన్ తీశానో. చెప్పలేదు. నాదే కరెక్ట్ అనుకున్నాను.

చివరికి ఆయనే వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"పాపా, నువ్వన్నదాంట్లో తప్పుల్యా. అందరి ముందర అన్యావే, అదే మనసుకు కష్టమాయ. తగ్గిందంతా మళ్లా వొచ్చింది. మెషినెక్కాలంటే సిగ్గయితాంది. అయినా మొన్న మొదులుపెట్నా. నిన్న తప్పినా. ఈ పొద్దు మళ్లా నడిచినా."

ఆ రోజు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒక థమ్సప్ బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

అది రెండు నెలల కిందటి మాట.

నిన్న మధ్యాహ్నం మామను ఇంటిముందు పడుకోబెట్టి ఉండగా నాగయ్య వచ్చాడు. అవతలి వర్గం మనిషి. పెద్ద మామను చంపిన కేసులో నాగయ్య తమ్ముడి పేరు ఉండేది. గేటు దగ్గర మనవాళ్లు లేచి నిలబడ్డారు.

అత్త తలెత్తి చూసింది. "రానీండి" అంది.

నాగయ్య మామ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"రెండు నెల్లు కట్ట మీద కలిసి నడిస్తిమమ్మా. నాకూ షుగరే. మొదట్లో ఆయన ముందర, నేను శానా ఎనకాల. ఒకనాడు ఆయనే నిలబడి రమ్మన్యాడు. నేను మానేస్తానంటే ఇంటికి ఫోన్ చేసి తిట్టేవాడు. తిన్యా పర్వాలే, రేపు మాత్రం రా అనేవాడు."

మా ఇంట్లో ఎవరికీ తెలియదు ఈ సంగతి. అత్తకు కూడా.

మట్టి ఇచ్చి వచ్చాం. నాకు నిద్రపట్టలేదు.

ఈ పొద్దున కట్ట మీదికి వెళ్లాను. నాగయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మామ నా గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అని అడిగాను.

"అనకుండా ఉంటాడా? మా ఇంట్లో ఒక టీచరుంది, అది మాటంటే తట్టుకోల్యాం అనేవాడు."

అంటూ నవ్వాడో ఏడ్చాడో నాకు అర్థం కాలేదు. మామ ఆ మాట నవ్వుతూ అనేవాడా అని నేను అడగలేకపోయాను.

మామా, వెళ్లిరా. నోటిదాకా వచ్చిన సారీని నీకు చెప్పలేకపోయాను. నీ ప్రాణానికి నిమ్మళం దొరకాలి.