పెంటమ్మ పేరు కొట్టిన గిన్నెలు

కరోనా వెనక్కి తగ్గి, జనం మళ్ళీ ఊరందరినీ పిలిచి పెద్దకర్మలు చేసుకోవడం మొదలుపెట్టిన ఏడాది అది. జనగామ బస్టాండు వెనక సందులో మాది స్టీలు సామాన్ల దుకాణం. ముందు గల్లాపెట్టె, వెనక గిన్నెల దొంతరలు, మూలన పేర్ల మిషను. అమ్మకాలు కోడలు చూస్తుంది. పేర్లు కొట్టే పని మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. మూడో తరగతితో ఆగిన నా చదువు నాకు అన్నం పెడుతున్నది ఆ మూలనే.

ఈ పని తెలియనివాళ్ళకు కొంచెం చెబుతాను. కంపెనీవాళ్ళు ఈ మిషనును ఎన్‌గ్రేవర్ అంటారు. లావు పెన్ను లాంటిది. కరెంటు ఇస్తే దాని ముల్లు జుయ్యిమని అదురుతూ స్టీలును చుక్కలు చుక్కలుగా కొరుకుతుంది. ఆ చుక్కలే అక్షరాలవుతాయి. రేకు మందాన్ని గేజ్ అంటారు. గేజ్ పలచగా ఉన్నప్పుడు చెయ్యి బరువు వేస్తే గిన్నె సొట్ట పోతుంది. ఒకసారి కొట్టిన పేరు ఇక పోదు. బఫింగ్, అంటే చక్రం మీద రుద్ది మెరుగు పెట్టడం, అది చేసినా అక్షరం నీడలాగా మిగులుతుంది. అందుకే నేను అడిగిందే అడిగి, ఆ తరువాతే ముల్లు ఆనిస్తాను. నేను పైసలు తీసుకునేది అక్షరాల లెక్కనే అయినా, గిన్నె చుట్టూ తోరణం కట్టినట్టు బిరుదులన్నీ రాయించుకునేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. తగ్గించుకొమ్మని మొహం మీదే చెబుతాను.

పేర్లు కొట్టీ కొట్టీ, పేరు వినగానే మనిషి పుట్టుక కొంత తెలిసిపోతుంది. కొమురయ్య అంటే ఆ ఇంట్లో కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నారు. సమ్మయ్య, సారమ్మ మేడారం దేవతల మీద పెట్టుకున్న పేర్లు. భూపాలపల్లి వైపు నుంచి వచ్చే బేరాల్లో ఎక్కువగా ఉంటాయి. గూడూరు తండాల నుంచి వచ్చిన మంగ్లి మంగళవారం పుట్టి ఉంటుంది, సోమ్లా సోమవారం. పెంటమ్మ, పెంటయ్యల సంగతి వేరు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తరువాతి బిడ్డను పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టేవాళ్ళు. ఇంకొక ఆడమనిషి వచ్చి, నాకు దొరికిందని ఎత్తుకొని, పెంచమని మళ్ళీ తల్లి చేతికే ఇచ్చేది. జనం పారేసిన దాన్ని చావు కూడా ముట్టదని నమ్మకం. ఆ పేరున్న మనిషి ఎదురైతే, ఆ ఇంట్లో అంతకుముందు ఎంత ఏడ్చి ఉంటారో అనుకుంటాను.

దేవరుప్పుల దగ్గరి ఒక ఊరి నుంచి సురేష్ అనే అతను ఫోను చేశాడు. వార్డు మెంబరు. తల్లి చనిపోయింది, పెద్దకర్మకు గిన్నెలు కావాలి. మా వైపు అది ఆనవాయితీ. చనిపోయినవాళ్ళ పేరు కొట్టిన గిన్నె, భోజనానికి వచ్చిన ప్రతి ఇంటికీ ఒకటి పోతుంది. అందులో పెరుగు తోడేసుకున్నన్నాళ్ళూ ఆ మనిషి పేరు ఆ ఇంట్లో ఉంటుంది. ‘కీర్తిశేషులు పద్మ జ్ఞాపకార్థం’ అని కొట్టమన్నాడు. పొట్టి పేరు. నాకు నచ్చింది.

మర్నాడు పొద్దున ప్లగ్గు పెట్టబోతుంటే ముప్పై దాటిన ఒక అమ్మాయి ఆటో దిగి ఉరుకులాంటి నడకతో వచ్చింది.

“అవ్వా, దేవరుప్పుల దిక్కు పోయే గిన్నెలు గివేనా? పేరు కొట్టినవా?”

“ఇంక కొట్టలే. నువ్వెవరు బిడ్డా?”

“సురేష్ చెల్లెను. రజిత. జర ఆగు అవ్వా, మా అమ్మ పేరు పద్మ కాదు. పెంటమ్మ.”

“మరి మీ అన్న పద్మ అన్నడు?”

“ఆధార్ కార్డుల పద్మ. మనిషి పెంటమ్మ.”

ఇంతలో కరెంటు పోయింది. ఒక విధంగా మంచిదే అయింది. అన్నను రమ్మని ఫోను చెయ్యమని చెప్పి, ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాను. మొహం చూస్తే పొద్దున్నించి ఏమీ తిన్నట్టు లేదు. నా డబ్బాలోని బఠాణీలు ముందు పెట్టి, ఏం పని చేస్తావని అడిగాను.

“బెంగుళూరుల కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్త. డైనమికల్ సిస్టమ్స్ అని, దాని మీదనే నా పరిశోధన.”

“గదేం లెక్క? వడ్డీలెక్కనా?”

వచ్చాక మొదటిసారి నవ్వింది. “కదిలేటియాటి లెక్క అవ్వా. జర నీ గిన్నె ఇయ్యి.” గుండ్రటి అడుగున్న గిన్నె ఒకటి తీసుకొని బోర్లించి, నెత్తిన ఒక బఠాణీ పెట్టి వదిలింది. అది ఇటు జారింది. మళ్ళీ పెట్టింది. ఈసారి అటు పోయి గల్లాపెట్టె కింద దూరింది.

“నేను ఒక్కతీరుగనే పెట్టిన గద? ఎంటిక మందం తేడా ఉన్నదంతే. గంతదానికే ఒకటి తూరుపు పోయింది, ఒకటి పడమర పోయింది. ఇప్పుడు సూడు.” గిన్నెను వెల్లకిల తిప్పి, అంచున బఠాణీ వదిలింది. అది ఊగి ఊగి అడుగున నిలిచింది. ఏ పక్క నుంచి వదిలినా అక్కడికే చేరింది. “ఏది యాడ నిలుస్తది, ఏది యాడ ఆగమైతది, ముందుగాల్నే చెప్పొచ్చా చెప్పరాదా, గది సూసుడే నా పని.”

“గింతదానికి గంత సదువా?”

“మా అమ్మ గూడ గదే మాట అన్నది.”

గల్లాపెట్టె కిందికి పోయిన బఠాణీని వెతికి తెచ్చి డబ్బాలో వేస్తే ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. తిండి గింజ పారేస్తారా ఎవరైనా!

తరువాత తనే చెప్పింది. “అమ్మకన్న ముందు పుట్టినోళ్ళు ఒక్కలు గూడ దక్కలేదట అవ్వా. అమ్మను పెంట మీద పెట్టి ఎత్తుకున్నరు. బోర్లిచ్చిన గిన్నె మీద గింజ తీరు ఉండె అప్పుడు ఆమె. జర్రంత ఇటు జారింది గనుక అన్న, నేను ఉన్నం. గా పేరు తీసేస్తే ఎట్ల? బయటదేశపోళ్ళు ఇంటిపేరు అడిగితే నేను అమ్మ పేరే రాసిన. నా వ్యాసాలన్నిటి మీద రజిత పెంటమ్మ అనే ఉంటది. ఆళ్ళు డాక్టర్ పెంటమ్మ అని పిలుస్తరు. నాలిక తిరగదు గని, ఎవ్వరు నవ్వరు.”

అంతలో బండి ఆగింది. సురేష్ వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. చెల్లెలు ఫోనులోనే సంగతి చెప్పినట్టుంది.

“అవ్వా, పద్మనే కొట్టు. ఈమె మాట పట్టుకోకు.”

“అన్నా, పేరు దాసేటంత పాపం అమ్మ ఏం జేసింది?”

“నువ్వు హాస్టల్ల ఉన్నవ్ చెల్లె. ఊర్లె ఉన్నది నేను. బడిల నన్ను ఎన్నడన్న సురేష్ అన్నరా? పెంటకుప్ప అన్నరు. మొన్న ఓట్లప్పుడు మైకు పట్టి అన్నరు. నీకు గా పేరు ఇంగ్లీషుల ముద్దుగున్నది. నాకు తెలుగుల పడ్డది.”

అతను గొంతు తగ్గించాడు. “గదీగాక, అమ్మనే అడిగింది. ఆధార్ ఫోటో దిగేటప్పుడు నేను పక్కనే ఉన్న. ‘జర మంచి పేరు ఎక్కియ్యమను నాయినా, పద్మ అని’ అన్నది.”

“నీకోసం అన్నదేమో. నిన్ను ఎక్కిరిస్తుండ్రని.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తీర్పులు చెప్పే మనిషిని కాను. గిన్నె పట్టుకున్నవాళ్ళు చదివి, ఇది ఫలానావాళ్ళదని గుర్తుపట్టాలి. నాకు తెలిసింది అంతే.

“మీ అమ్మతోని కూలికి పోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఫోను జేసి, పద్మ పెద్దకర్మకు రమ్మను. ఏమంటరో ఇందాం,” అన్నాను.

అతను ఎల్లమ్మ అనే ఆమెకు ఫోను కలిపాడు. వాళ్ళమ్మతో కలిసి ఏళ్ళ తరబడి పత్తి ఏరిన మనిషట. అందరికీ వినబడేటట్టు పెట్టాడు.

“అత్తా, సురేష్‌ను. పద్మ పెద్దకర్మకు ఆడోళ్ళందరికి చెప్పినవా?”

“అయ్యో కొడుకా, ఇంకెవరు సచ్చిండ్రురా? ఏ పద్మ?”

“మా అమ్మనే అత్తా.”

“మీ అమ్మ పెంటవ్వ గాదురా! నీకేమన్న పిచ్చి లేసిందా? ఒక్క సావుకే కాళ్ళు ఇరిగి కూసున్న, ఇంకోటి అనుకొని పానం పోయింది నాకు.” తరువాత గొంతు మారింది. “ఆఁ... పద్మ. ఒకపారి అన్నదిరా. పత్తి ఏరుకుంట అన్నది. ‘అక్కా, నా పేరిప్పుడు పద్మ, కార్డుల ఎక్కింది, గట్ల పిలువుండ్రి’ అన్నది. మేమంత నవ్వినం. సాలు ఎంబడి సాలు నవ్వుకుంటనే పోయినం. మల్ల ఎన్నడు అడుగలే. ఒక్కపారి పిలిస్తే ఏం పోయేదిరా మా సొమ్ము...”

సురేష్ ఫోను ఆపేసి, దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరగడం మొదలైంది.

“పద్మనే కొట్టు అవ్వా,” అంది రజిత. “పెంటమ్మనే కొట్టు,” అన్నాడు సురేష్. ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకొని, నవ్వబోయి ఏడ్చారు.

నేను కసిరాను. “ఏడ్సుడు ఇంటికాడ ఏడ్వుండ్రి. ముందుగాల నాకో మాట చెప్పుండ్రి. మీ ఇంట్ల సామాన్ల మీద ఎవరి పేరున్నది?”

“నాయినది,” అన్నాడు సురేష్. “బిందె మీద, గంగాళం మీద నాయిన పేరు. పళ్ళాల మీద నాది, చెల్లెది.”

“అమ్మది?”

అన్నాచెల్లెళ్ళు వంటిల్లంతా మనసులో వెతికారు. చెంబు దగ్గర, గరిటె దగ్గర ఆగారు. లేదు. ఆ సామాన్లన్నీ కొన్నది ఆమె, తోమింది ఆమె. నా దుకాణంలోనే కొని, నా చేతే పేర్లు కొట్టించుకొని ఉండవచ్చు. మరి ఆమె పేరు ఒక్కదాని మీదా లేదు.

చివరికి సురేషే తేల్చాడు. “ఊరోళ్ళకు పెంటమ్మ అని కొట్టు. ఆళ్ళకు ఎరుకైన మనిషి ఆమెనే. నవ్వితే నవ్వనీ, ఆమె బువ్వ తిని నవ్వనీ. ఒక్క గిన్నె మా ఇంటికి వేరే ఇయ్యి. దాని మీద పద్మ. అడిగింది గద పాపం.”

“మీద వద్దు అవ్వా,” అంది రజిత. “లోపట, అడుగున కొట్టు.”

లోపలి అడుగున నేను ఎప్పుడూ కొట్టను. చుక్కల్లో మడ్డి పేరుకుంటుంది, తోమేవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. అయినా దొంతరలో వెతికి మందపాటి గేజ్ గిన్నె తీశాను. చెయ్యి గిన్నెలోకి వంచి కొట్టడం కష్టం. అక్షరం ఒంకర పోకుండా ఊపిరి బిగబట్టి కొట్టాను. రజిత దాన్ని వెలుతురుకు పట్టి చూసి, డబ్బాలోంచి ఒక బఠాణీ తీసి అంచున వదిలింది. అది అటూ ఇటూ ఊగి, పద్మ మీద నిలిచింది. సురేష్‌కు ఆ లెక్క ఏమిటో తెలియదు. అయినా వంగి చూశాడు. ఆ గింజను తీసి నా చేతిలో పెట్టబోతే వద్దన్నాను. తినెయ్యమన్నాను.

అప్పటినుంచీ ఎన్ని పేర్లు కొట్టానో. మహబూబాబాద్ దాకా పోయాయి గిన్నెలు. ఆ బేరం నాకు నేర్పింది ఒకటే. ఇంత కాలం చెప్పిన పేరు సరిగ్గా కొట్టడమే పని అనుకున్నాను. చెప్పని పేరు కూడా ఒకటి ఉంటుందని అనుకోలేదు. ఇప్పుడు ఏ ఆడమనిషి వచ్చి మొగుడి పేరో కొడుకు పేరో చెప్పినా, మిషను ఆపి అడుగుతాను: “నీ పేరేంది బిడ్డా? నిన్ను ఏమని పిలిస్తే నీకు మంచిగుంటది?” కొందరు సిగ్గుపడతారు. కొందరు చానాసేపు ఆలోచిస్తారు. చెప్పాక, ఒక్క గిన్నె మీద అది కొట్టి ఇస్తాను. దానికి పైసలు తీసుకోను. మా కోడలు గొణుగుతుంది. గొణగనీ. ఈ దుకాణంలో నేను ఉత్తగ చేసే పని అదొక్కటే.