వంగని నడుముకు గ్రేడు

మా వంశంలో ఎవరూ ఎవరి ముందూ "నాకు చేతకాదు" అని చెప్పలేదు. కోర్టులో ఓడిపోయినప్పుడు చెప్పలేదు. పాపన్నపేట వైపు మంజీర ఒడ్డు పొలాలు సీలింగులో పోయినప్పుడు చెప్పలేదు. మా పెద్దనాన్న కోటలాంటి మా గడి దూలాలు ఊడదీసి అమ్ముకుని హైదరాబాదు వెళ్ళిపోయినప్పుడు అసలే చెప్పలేదు. ఆ మాట మొదట అన్నవాణ్ని నేను. అది కూడా మెదక్‌లో, కిరాయి ఇంటి ముందుగదిలో, లాప్‌టాప్ తెరమీద కూర్చున్న ఒక జర్మన్ ఆవిడ ముందు అన్నాను. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఆ మధ్యాహ్నం గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గుకంటే ముందు నవ్వు వస్తుంది.

మేం ఉంటున్నది మొదటి అంతస్తులో. కింద ఇంటి ఓనర్లు ఉంటారు. వడ్రంగం చేసే కుటుంబం, చర్చివాళ్ళు. వాళ్ళ ముత్తాత మా గడికి తలుపులు చేసినవాడు. వాళ్ళ అవ్వ నన్ను దొర అనేది, ఓనరమ్మ సార్ అంటుంది, ఆమె కూతురు తాత అంటుంది. మూడు తరాల్లో నా హోదా ఎంతవరకు దిగిందో దీన్ని బట్టే తెలుస్తుంది. అయితే దొరా అంటే ఒకసారి ఆలోచించి పలికేవాణ్ని. తాతా అంటే మాత్రం ఆలోచించకుండానే పలుకుతున్నాను.

ఆ అమ్మాయి దవఖానలో నర్సు. ఏడాదిపాటు జర్మన్ భాష నేర్చుకుని పరీక్ష పాసయింది. అక్కడి ఒక చిన్న ఊళ్ళో వృద్ధాశ్రమంవాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక సాయంత్రం దాబా మీద బట్టలు తీస్తూ అక్కడి పద్ధతి నాకు చెప్పింది. ఆ దేశంలో జీతం తీసుకునే ప్రతివాడి జీతంలోంచీ ముసలితనంలో పడే అవసరానికని కొంత పక్కకు తీస్తారట. మనిషికి ఇంకొకరి చెయ్యి అవసరమైనప్పుడు ఒక అర్జీ పెట్టుకుంటే చాలునట. చదువుకున్న మనిషి ఒకరు ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, స్నానం మీరే చేస్తారా, బట్టలు మీరే వేసుకుంటారా, మాత్రలు గుర్తుంటాయా అని ఒక్కొక్కటే అడుగుతారట. చేతకాని పనికి మార్కులు వేస్తారు. మార్కులను బట్టి ఒకటి నుంచి అయిదు దాకా గ్రేడు వస్తుంది. గ్రేడును బట్టి సాయం అందుతుంది.

నేను ఆశ్చర్యపోయాను. మా తాతగారి కాలంలో కష్టం వచ్చినవాడు గడి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎంత వంగితే అంత ధాన్యం దొరికేది. ఇక్కడేమో అడిగేవాడు కూర్చునే ఉంటాడు, ఇచ్చేవాళ్ళే మెట్లెక్కి వస్తారు. అది రాజ్యమా, పెళ్ళివారా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, రాజ్యమే అంది.

కానీ ఆమెకు ఒక చిక్కు ఉంది. ఆ ప్రశ్నలు అడిగి, ముసలివాళ్ళకు నిజంగా ఏం చేతకాదో కనిపెట్టడం వస్తేనే ఆశ్రమంవాళ్ళు తీసుకుంటారు. వీడియోలో వాళ్ళు చూస్తుండగా ఒక పెద్ద మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి. మొదటిసారి పరీక్షలో ముసలాయన చెప్పిందంతా నమ్మి రాసి తప్పింది. ఇది రెండోసారి. మూడోసారి ఉండదని ముందే చెప్పారు. ఈసారి కూర్చుంటానని మాటిచ్చిన పెద్దాయనకు పరీక్షనాటి పొద్దున జ్వరం వచ్చింది. ఓనరమ్మ పరుగున మెట్లెక్కి వచ్చింది.

"సార్, ఊకె కూసుంటే చాలు. అది అడుగుతది, మీరు చెప్తరు. గంతే."

"అంటే నన్ను చేతగాని ముసలోళ్ళ లెక్క చూపిస్తవా?" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచే జవాబిచ్చింది. "డెబ్బై ఒకటి నిండినై. ఇంక ఎవల లెక్క చూపియ్యాలె?"

చివరికి షరతులు పెట్టి ఒప్పుకున్నాను. నా కుర్చీలోనే కూర్చుంటాను. మా నాన్నగారి షేర్వానీ వేసుకుంటాను. పేషెంటు అనే మాట నా చెవిన పడకూడదు. ఆ అమ్మాయి అన్నిటికీ తలూపింది. మా ఆవిడ మాత్రం ఎవరినీ అడక్కుండా ఒక కప్పు టీ, ఒక పళ్ళెంలో మురుకులు తెచ్చి లాప్‌టాప్ ముందు పెట్టింది. తెరలో ఉండే ఆశ్రమం ఆవిడ ఎట్లా తింటుందని అమ్మాయి అడిగితే, తినకపోయినా పెట్టకపోతే ఎట్లా అని తిరిగి అడిగింది.

ఒంటిగంటకు తెర వెలిగింది. పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టు, కళ్ళద్దాలు. వెనక కిటికీలో అక్కడి పొద్దుటి మబ్బు. నేను లేచి సలాం చేశాను. అమ్మాయి నన్ను తెలుగులో అడగాలి, ఏం రాస్తోందో, ఎందుకు రాస్తోందో ఆవిడకు జర్మన్‌లో చెప్పాలి. అదీ పద్ధతి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒప్పుకోవాలి. నేను ఎంత గట్టిగా కనిపిస్తే ఆ అమ్మాయికి అంత మంచిదనుకున్నాను. మన ఊరి మనుషులు ఎట్లాంటివాళ్ళో ఆ తెల్లావిడ చూడాలనుకున్నాను. స్నానం నేనే చేస్తానన్నాను. షేర్వానీ గుండీలు పదకొండూ నేనే పెట్టుకున్నానన్నాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ దగ్గింది. మాత్రల పేర్లు గడగడా అప్పజెప్పాను. మెట్ల సంగతి అడగబోతుంటే, చెప్పడం దేనికి, చూపిస్తానని లేచి, కిందికి దిగి, ఓనరమ్మ గుమ్మం ముట్టుకుని, మళ్ళీ ఎక్కి వచ్చాను. కుర్చీలో చేరగిలబడ్డాను. ఏదో గంభీరంగా ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి చర్చి గోపురం వైపు చూస్తూ ముక్కుతో గాలి పీల్చుకున్నాను.

తెరమీది ఆవిడ ఏదో అంది. అమ్మాయి ముఖం పాలిపోయింది. ఏమందని అడిగాను. మీకెప్పుడూ ఇంత ఆరోగ్యవంతులే దొరుకుతారా అని అడిగిందట. కాగితం మీద ఒక్క మార్కు కూడా పడలేదు. మొదటిసారి జరిగిందే మళ్ళీ జరుగుతోంది. ఆ అమ్మాయిని పాస్ చేయిస్తున్నాననుకుంటూ నేనే ముంచుతున్నానని అప్పుడు తెలిసింది.

ఆమె నన్ను బతిమాలలేదు. కాగితం కిందపెట్టి, గుమ్మం దిక్కు చూసింది.

"తాతా, ఇందాక మెట్లు దిగినప్పుడు చెప్పులు లేకుండనే పోయిండ్రు. ఎందుకు?"

నావి వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు. గుమ్మం పక్కనే ఉన్నాయి. నేను నడుము ఇంకా నిటారుగా పెట్టి జవాబిచ్చాను. మా ఇంట్లో మగవాళ్ళు చెప్పుల కోసం వంగరు. మా తాతగారికి ఒక మనిషి ఉండేవాడు, మా నాన్నగారికి ఒక మనిషి ఉండేవాడు, నాకు మా ఆవిడ ఉంది. అది మా ఇంటి ఆచారం.

"ఎవలన్న లేకుంటే?"

"ఉంటరు."

"లేకుంటే, తాతా?"

ఆమె కలం కాగితం మీద ఆగి ఉంది. చూశాను. ఈ పిల్లకు తెలుసు. ఎన్నో రోజులుగా తెలిసే ఉంటుంది. కానీ నేను ఆచారం అన్నాక, పరాయి దేశపు మనిషి ముందు నన్ను అబద్ధాలకోరును చేయడానికి ఆమెకు నోరు రావడం లేదు. వాళ్ళమ్మ పెంచిన తీరు అట్లాంటిది. ఆమె ఆచారం అని రాస్తే ఉద్యోగం పోతుంది. ఆ మాట నా నోటినుంచే రావాలి. మా తాతగారు, మా నాన్నగారు, వాళ్ళ చెప్పుల మనుషులు, అందరూ వరసగా నిలబడి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"వంగలేను," అన్నాను. "మూడేండ్ల సంది."

"నాలుగు," అంది మా ఆవిడ.

అమ్మాయి రాసి, ఆవిడకు చెప్పింది. ఆవిడ మొదటిసారి తెరకు దగ్గరగా వంగింది. గబగబా ఏదో చెప్పి నవ్వింది. వాళ్ళ ఊళ్ళోనూ ఇంతేనట. కొలవడానికి మనిషి వస్తున్నారంటే ముసలాయనలు పెళ్ళినాటి కోటు తీసి వేసుకుంటారట. ముసలమ్మలు కేకు చేసి పెడతారట. అన్నీ మేమే చేసుకుంటామని చెప్పి పంపించి, మర్నాడు మంచం మీదినుంచి లేవలేక పిల్లలకు ఫోన్ చేస్తారట. ఆవిడ సొంత తండ్రి అయితే వచ్చిన మనిషి ముందే తోటలో గడ్డి కోసి చూపించాడట. గ్రేడు రాలేదు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆయనది ఏ వంశమో అడగమన్నాను. రైల్వేలో పనిచేశాడట. అయినా సరే, నా నమస్కారం చెప్పమన్నాను. అన్ని సముద్రాలకు అవతల మా ఇంటివాడొకడు ఉన్నాడని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఈ హుషారులో నా గ్రేడు ఎంతని అడిగాను. అమ్మాయి లెక్క చూసి, ఇప్పటికైతే ఏ గ్రేడూ రాదంది.

"నాలుగేండ్ల మాట బయట పెడితే సున్ననా?"

"ఒక్క చెప్పులకు గంతే, తాతా."

నాకు రోషం వచ్చింది. మా వంశానికి సున్నా ఏమిటి. ఎడమ చెవి సరిగ్గా వినబడదని చెప్పాను. గుండీలు పదకొండూ మా ఆవిడ పెట్టిందని చెప్పాను. మాత్రల పేర్లు నోటికొచ్చు గానీ వేసుకోవడం ఆమె గుర్తు చేయాల్సిందేనని చెప్పాను. వీపు రుద్దుకోలేనని, బాత్రూములో గోడ పట్టుకుని నిలబడతానని చెప్పాను. చెప్పిన కొద్దీ తేలికైపోతున్నాను. అమ్మాయి రాస్తోంది, జర్మన్‌లో చెబుతోంది, మళ్ళీ రాస్తోంది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. నేను ఆగలేదు. చెంచా ఎత్తలేనన్నాను. మనుషులను గుర్తుపట్టలేనన్నాను. మెట్లు అసలే ఎక్కలేనన్నాను.

అమ్మాయి కలం ఆపేసింది.

"తాతా, మెట్లు ఇప్పుడే ఎక్కిండ్రు."

"మల్ల ఎక్కలేను."

"పొద్దుగాల ఆరు పూరీలు తిన్నరని ఈ అమ్మమ్మే చెప్పింది. చెంచాది కొట్టేస్తున్న. మా ముత్తాత మీ గడికి ఎన్ని తలుపులు పెట్టిండో నిన్ననే మీరు లెక్క చెప్పిండ్రు. యాది లేదన్నది గూడ కొట్టేస్తున్న."

నా ముందే, నా షేర్వానీ ముందే, ఒక్కొక్కటీ అడ్డంగా గీత కొట్టేసింది. కొట్టేసినవన్నీ తెరమీది ఆవిడకు వివరంగా చెప్పింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. మిగిలిన వాటిని కూడితే గ్రేడు ఒకటి వచ్చింది. అన్నిటికంటే కిందిది.

"ఒకటేనా?" అన్నాను.

"ఒకటే, తాతా. ఉన్నది గంతే."

ఏ జడ్జీ మా కేసులో ఇంత స్థిరంగా తీర్పు చెప్పలేదు. అప్పీలు చేయాలని కూడా అనిపించలేదు.

మా ఆవిడకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఇట్లాంటి మనిషిని చూసుకునే ఆడమనిషికి ఆ దేశంలో సెలవు ఉంటుందా అని అడగమంది. ఉంటుందట. చూసుకునేవాళ్ళు అలిసిపోతే కొన్ని రోజులు వేరే మనిషిని పెట్టుకోవడానికి సాయం చేస్తారట. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. కానీ అది గ్రేడు రెండు నుంచే మొదలవుతుందని అమ్మాయి చెప్పింది.

"అయితే రెండు రాయి బిడ్డా. ఎల్దుర్తిల మా అక్క తాన జర నాలుగు దినాలు ఉండొస్త."

"రాదు, అమ్మమ్మా."

"ఇందాక చెంచా ఎత్తలేనన్నడు గద. నేను సాక్ష్యం చెప్త."

అమ్మాయి ఆ సాక్ష్యాన్ని కూడా కొట్టేసింది. మేమిద్దరం, తెరమీది ఆవిడ, మెట్లమీద చెవి ఒగ్గి కూర్చున్న ఓనరమ్మ, అందరం నవ్వుతున్నాం. ఏ భాషలో నవ్వుతున్నామో ఎవరికీ పట్టింపు లేదు.

అప్పుడు ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. నవ్వు ఆపి చాలాసేపు మాట్లాడింది. అమ్మాయి వింటూ ఉంది. మాకు ఏమీ చెప్పలేదు. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. మెట్లమీద ఓనరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా చెంచాలు, నా పోయిన జ్ఞాపకశక్తి అన్నీ కలిసి పిల్ల బతుకు పాడుచేశాయనుకున్నాను. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని లేచి, తెరవైపు తిరిగి, నాకు వచ్చిన ఇంగ్లీషులో మేడమ్ తప్పంతా నాదేనని, అమ్మాయి తప్పేమీ లేదని చెప్పడం మొదలుపెట్టాను. తప్పు నాది అన్న మాట కూడా మా వంశంలో అదే మొదటిసారి. ఒకే రోజు రెండు.

"జర ఆగుండ్రి, తాతా," అంది అమ్మాయి. ముక్కు తుడుచుకుంది. "నమ్మగూడనిదాన్ని నమ్మలేదు, కొట్టెయ్యాల్సింది కొట్టేసినవని చెప్పింది. ఎప్పుడొస్తవని అడుగుతుంది."

ఓనరమ్మ మెట్లమీదే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. మా ఆవిడ మురుకుల పళ్ళెం ఎత్తి తెర ముందు పట్టుకుని, తీసుకొమ్మని ఆవిడను బలవంతం చేస్తోంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఇట్లాంటి దానికి తొందరపడి జవాబు చెప్పకూడదని, మంచి రోజు చూడాలని, ఆవిడను జర లైనులో ఉండమనమని చెప్పి, పంచాంగం తెమ్మన్నాను. అది దొరికేలోపే ఆ అమ్మాయి తెరవైపు తిరిగి, నన్ను గానీ వాళ్ళమ్మను గానీ అడక్కుండా, ఒక్క మాటలో జవాబు చెప్పేసింది.